పాత రాయిలో ఫాస్ఫేట్: నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా మీటర్ 0.90 దగ్గరే మిణుకుమంటోంది

వంశధార_ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 3

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒకాయన చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు తీసేస్తుంటే అందులోని రాయి మొత్తం నేను తెచ్చుకున్నాను. 24 కిలోలు పైనే ఉంది. తొమ్మిదేళ్ళు నడిచిన ట్యాంకు అది, చివరి ఏడాది ఆయనకు చూసుకోవడం కుదరలేదట. రాయి ఆకారం చాలా బాగుంది. గుహలు, చిన్న చిన్న బొరియలు, అక్కడక్కడా ఊదా రంగు పొర. కానీ పైన ఆకుపచ్చ నాచు జడలు జడలుగా వేలాడుతోంది.

నేరుగా ట్యాంకులో పెట్టలేదు. డాబా మీద నీలం డ్రమ్ములో ఉప్పునీళ్ళు కలిపి, రాయి ముంచి, నీళ్ళు కదిలించే వేవ్ పంపు పెట్టి మూత వేశాను. రాయి పోగా అందులో పట్టిన నీళ్ళు 80 లీటర్లు. ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతులు. హీటర్ పెట్టలేదు, ఈ ఎండలకి నీళ్ళు వాటంతట అవే 31 డిగ్రీలు ఉంటున్నాయి.

పది రోజులైంది. నాచుకి మేతయ్యే ఫాస్ఫేట్‌ని కొలిచే మీటర్, హన్నా చెకర్, 0.90 చూపించి మిణుకుమంటోంది. నీళ్ళు మొత్తం పారబోసి కొత్తవి పోశాను. నాలుగో రోజుకి మళ్ళీ అదే. మళ్ళీ మార్చాను, మళ్ళీ అదే. ఒక్కోసారి మూడు కిలోల ఉప్పు పడుతోంది. టెన్షన్‌గా ఉంది. మీటర్ పాడైందా, రాయి పాడైందా?

---

కొత్తచేప | టెక్కలి | జూన్ 3

అన్నా, అంత ఉప్పు ఎందుకు ఖర్చు? కళింగపట్నం వెళ్ళి సముద్రం నీళ్ళు పట్టుకొచ్చేయండి. రాయి కూడా బారువలో ఏరుకుంటే సరిపోయేది కదా.

---

కెమిస్ట్రీ_మాస్టారు | విజయనగరం | జూన్ 3

మీటర్ బాగానే ఉంది బాబూ. మీ దగ్గరున్న ఆ మోడల్ 0.90 పీపీఎం దాటి చూపించలేదు. మిణుకుమంటోందంటే అసలు అంకె దానికంటే పైన ఉందని. రెండు మిల్లీలీటర్ల డ్రమ్ము నీళ్ళు తీసుకుని, ఎనిమిది మిల్లీలీటర్ల సున్నా టీడీఎస్ నీళ్ళు, అంటే కరిగిన లవణాలేవీ లేనివి, కలిపి కొలవండి. వచ్చిన అంకెని ఐదుతో గుణించండి. గాజు సీసా బయట వేలిముద్రలు లేకుండా మెత్తటి గుడ్డతో తుడవండి. మీటర్‌తో వచ్చే పొడి వేశాక రెండు నిమిషాలు ఊపి, బుడగలు గాజుకి అంటుకుని లేవని చూసుకుని పెట్టండి. ఒక్క బుడగ చాలు అంకెని తప్పించడానికి.

ఆ అంకె చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

---

వంశధార_ఒడ్డు | జూన్ 4

మాస్టారూ, మీరన్నట్టే చేశాను. 0.42 వచ్చింది. ఐదుతో గుణిస్తే 2.1. చెయ్యి వణికింది.

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 4

కంగారు పడకండి. లెక్క చూద్దాం. 2.1 పీపీఎం అంటే లీటరుకి 2.1 మిల్లీగ్రాములు. 80 లీటర్లకి 168 మిల్లీగ్రాములు. మూడు నాలుగు మిరియపు గింజల బరువు. అంత కొంచెం ఫాస్ఫేట్‌ని బయట పారబోయడానికి మీరు మూడు కిలోల ఉప్పు పోస్తున్నారు. అందుకే ఈ దారిలో గట్టెక్కరు.

అసలు విషయం రాయి లోపల ఉంది. మన రాయి కాల్షియం కార్బొనేట్. ఎక్కువగా పగడాల అస్థిపంజరమే, అందులో అరగొనైట్ అనే రూపం. ఫాస్ఫేట్‌కి ఆ ఉపరితలమంటే చాలా ఇష్టం, పట్టుకుని కూర్చుంటుంది. రాయి స్పాంజిలా సూక్ష్మ రంధ్రాలతో ఉంటుంది కాబట్టి ఉపరితలం అంటే పైన కనిపించేది ఒక్కటే కాదు, లోపలి గోడలన్నీ కూడా. తొమ్మిదేళ్ళ చేపల మేతలో ఉన్న ఫాస్ఫేట్ ఆ గోడలకి చేరింది.

నీళ్ళలో ఫాస్ఫేట్ ఎక్కువుంటే రాయి పీల్చుకుంటుంది, తక్కువుంటే వదులుతుంది. రెండూ ఒక సమతూకానికి వచ్చేదాకా ఇది ఆగదు. చేపల పులుసు వండిన మట్టికుండ ఉంటుంది చూడండి. ఎంత తోమినా మర్నాడు అందులో నీళ్ళు కాస్తే వాసన వస్తుంది. కుండ పైన శుభ్రమే, వాసన మట్టిలో ఉంది. మీ రాయి అలాంటిదే.

అందుకని నీళ్ళు మార్చిన వెంటనే కొలిస్తే వచ్చే అంకె మీకు ఏమీ చెప్పదు. నాలుగైదు రోజులు ఆగి కొలిచినది రాయి గురించి చెబుతుంది. ఇకనుంచి రెండో అంకెనే నోట్‌బుక్కులో రాసుకోండి.

---

హేచరీ_మావయ్య | భోగాపురం | జూన్ 4

మాస్టారి మాట అక్షరాలా నిజం. నేను రొయ్య పిల్లల హేచరీల్లో ఇరవై ఏళ్ళ పైనుంచి పని చేస్తున్నాను. ఇంట్లో పగడాలు పెంచే చిన్న రీఫ్ ట్యాంకు ఉంది.

కొత్తచేప తమ్ముడికి ఒక మాట. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. మా వైపు కోనాడ దగ్గర చంపావతి. వానలు మొదలయ్యాక ఒడ్డు నీళ్ళలో ఉప్పు బాగా పడిపోతుంది, నదిలో కొట్టుకొచ్చిన ఎరువు, బురద అన్నీ అందులోనే ఉంటాయి. హేచరీల్లో మేము సముద్రం నీళ్ళు నేరుగా వాడం. ఇసుక ఫిల్టర్ దాటించి, క్లోరిన్ కొట్టి, గాలి పెట్టి, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీసేసి అప్పుడు వాడతాం. ఫాస్ఫేట్ తీయాల్సిన రాయికి, ఫాస్ఫేట్ ఉందో లేదో తెలియని నీళ్ళు పోయకూడదు. ముందు ఆ నీళ్ళనే కొలవాలి.

బారువలో రాయి ఏరే మాట అయితే మరీ ప్రమాదం. గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కిందకి వస్తాయి. 2001లో చేర్చారు. సముద్రంలోంచి పగడపు రాయి తేవడం నేరం. ఒకరి దగ్గర నడిచిన పాత రాయిని శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవడం, లేదా తవ్వి తీసిన డ్రై రాక్ కొనుక్కోవడం, లేదా సిమెంటుతో చేసుకోవడం, ఇవే మనకున్న దారులు. అందుకే పాత రాయి విలువైనది. పారేయకండి.

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 4

ఇంకొకటి కలుపుతాను. మన తీరంలో, తూర్పు కనుమల పాదాల దగ్గర మీకు కనిపించే బండలు చాలావరకు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు వచ్చింది. అందులో గార్నెట్, సిల్లిమనైట్ లాంటి ఖనిజాలుంటాయి. అది సున్నపురాయి కాదు, మనకు పనికిరాదు. ఏ రాయి మీదైనా రెండు చుక్కలు యాసిడ్ వేసి చూడండి, బుసబుసమని పొంగితేనే కార్బొనేట్.

---

పలాస_జీడి | పలాస | జూన్ 5

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదుగానే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఇన్వర్టర్ మొదటి రోజు సాయంత్రమే చేతులెత్తేసింది. ట్యాంకు కళ్ళ ముందే పోయింది. చేపలు, పగడాలు, రాయిలో ఉన్న పురుగు పుట్ర, అన్నీ. ఇంటి మీద రేకులు లేని రోజులవి, రాయిని అలాగే గోనె సంచుల్లో వేసి షెడ్డులో పడేశాను. చచ్చినదంతా ఆ రాయిలోనే ఎండిపోయింది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలనిపించి బ్లీచ్‌లో నానబెట్టాను. మల్లెపువ్వులా తెల్లబడింది. వాసన లేదు. శుభ్రమైపోయిందనుకుని ట్యాంకు కట్టాను. రెండు నెలలకి గాజు కనిపించనంత నాచు. ఆ రాయి అంత తెల్లగా ఉండి కూడా లోపల అంత ఫాస్ఫేట్ దాచుకుందంటే అప్పట్లో నమ్మలేకపోయాను.

తమ్ముడూ, తెలుపుని నమ్మొద్దు. మీటర్‌ని నమ్ము.

---

హేచరీ_మావయ్య | జూన్ 5

పలాస బాబు చెప్పినది అందరూ చదవాలి. బ్లీచ్ పని వేరు. అది నాచుని, చచ్చిన స్పాంజిని, పురుగుని, అంటే సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుంది. అందులోని ఫాస్ఫేట్ అప్పుడు విడుదలవుతుంది, కొంత నీళ్ళలోకి, కొంత మళ్ళీ రాయికే. రాయిలోని సున్నానికి అంటుకున్న ఫాస్ఫేట్‌ని బ్లీచ్ ముట్టుకోదు.

అయినా మొదటి మెట్టు అదే, ఎందుకంటే పైన కుళ్ళు ఉండగా మిగతా పని సాగదు. నేను చేసేది ఇది. ముందు గట్టి బ్రష్‌తో తోమాలి. తర్వాత ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీళ్ళు, ద్రవ రూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్. బ్లీచింగ్ పౌడర్ వద్దు, దాని అడుగున మిగిలే సున్నం పిండి రాయి రంధ్రాల్లో కూర్చుంటుంది. రెండు మూడు రోజులు ఉంచి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. తర్వాత కడిగి, థయోసల్ఫేట్ వేసిన నీళ్ళలో ఒక రాత్రి. మర్నాడు ఆ నీళ్ళు గ్లాసులో తీసి ఆర్థోటోలిడిన్ రెండు చుక్కలు వేయండి. పసుపు తిరిగితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు. తిరగకపోతే తీసి ఎండలో పెట్టండి. హేచరీలో లక్షల పిల్లల ప్రాణం ఆ రెండు చుక్కల మీదే ఉంటుంది, అందుకే నాకు దాని మీద అంత గురి.

---

బొబ్బిలి_వీణ | బొబ్బిలి | జూన్ 6

నాది కూడా ఇదే సమస్య, కాకపోతే నా రాయి ట్యాంకులోనే ఉంది. 180 లీటర్లు, రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, లెదర్ అనే మెత్తటి పగడం ఒకటి, రాయి నిండా జోవాంథిడ్లు, అంటే గుంపుగా పెరిగే పగడాల్లాంటి జీవులు. ఫాస్ఫేట్ 0.74. ఇంతవరకూ చదివాక నాకు బ్లీచ్ అంటే భయం వేసింది. మందులేవీ లేకుండా ఉడకబెడితే సరిపోతుంది కదా అని ఒక పెద్ద రాయి తీసి గుండిగలో వేసి పొయ్యి మీద పెట్టాను. ఎంతసేపు మరగనివ్వాలో ఎవరైనా చెప్పండి.

---

హేచరీ_మావయ్య | జూన్ 6

అమ్మా, ఈ మెసేజ్ చూసిన వెంటనే పొయ్యి కట్టేయండి. కిటికీలు తలుపులు తీసి అందరూ బయటికి వచ్చేయండి. తర్వాత మాట్లాడదాం.

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 6

మావయ్య మాట వినండి తల్లీ. జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. సముద్ర జీవుల్లో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. వాటితో ఉన్న రాయిని మరగబెట్టినప్పుడు ఆ ఆవిరి పీల్చి జ్వరం, ఊపిరాడకపోవడం, గుండె దడతో కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన ఉదంతాలు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి. వేడికి అది తేలిగ్గా విరగదు. పైగా రాయి లోపలి బొరియల్లో చిక్కిన గాలి, నీళ్ళు వేడెక్కి రాయి పగిలి ఎగిరే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు, ఆయాసం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహపు రుచి లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, పగడాల విషం, పాలిటాక్సిన్, అని పేరు చెప్పండి.

---

బొబ్బిలి_వీణ | జూన్ 6

కట్టేశాను. ఇంకా మరగలేదు, గోరువెచ్చగా అయ్యిందంతే. అందరం వాకిట్లో కూర్చున్నాం. అత్తయ్యగారు, పాప, నేను బాగానే ఉన్నాం. మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ సమయంలో ఎవరూ ఫోన్ చూసుకోకపోయుంటే అన్న ఆలోచనే నన్ను వదలడం లేదు.

---

నిర్వాహకులు | జూన్ 6

ఈ మూడు పోస్టులనూ వేదిక పైభాగంలో పిన్ చేస్తున్నాం. రాయిని ఉడకబెట్టడం, ఓవెన్‌లో పెట్టడం, మైక్రోవేవ్ చేయడం, ఏదీ వద్దు. జోవాంథిడ్లున్న రాయిని తోమేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

---

వంశధార_ఒడ్డు | జూన్ 12

బ్లీచ్ పని అయింది. నాలుగు రోజులు బ్లీచ్, ఒక రాత్రి థయోసల్ఫేట్, రెండు రోజులు ఎండ. మావయ్య చెప్పిన చుక్కలు ఇక్కడ ఆక్వా మందుల షాపులో దొరికాయి. మొదటిసారి లేత పసుపు వచ్చింది, రెండోసారికి నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఇప్పుడు యాసిడ్ గురించి అడగాలి. ఒకరు నిమ్మ ఉప్పు చాలంటున్నారు, ఒకరు వెనిగర్ అంటున్నారు, ఒకరు మురియాటిక్ అంటున్నారు. నాకు యాసిడ్ అంటే భయమే.

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 12

భయం ఉండాలి, అది మంచిదే. ఎందుకు చేస్తున్నామో తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

యాసిడ్ రాయి పై పొరని కరిగిస్తుంది. ఆ పొరకి అంటుకున్న ఫాస్ఫేట్ దానితోపాటు నీళ్ళలోకి వస్తుంది. అంటే కడగడం కాదు, చెక్కడం. మురియాటిక్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే. 32 శాతం ఉన్నది ఒక లీటరు సుమారు అర కిలో కాల్షియం కార్బొనేట్‌ని కరిగించగలదు. రెండు లీటర్లకి ఒక కిలో. మీ 24 కిలోల్లో అది నాలుగు శాతం. ఆకారం చెడదు, పాత పొర పోతుంది.

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కూడా కరిగిస్తుంది, కానీ కాల్షియం సిట్రేట్ నీళ్ళలో సరిగా కరగదు, తెల్లటి పూతలా రాయి మీదే పేరుకుంటుంది. వెనిగర్ మరీ నెమ్మది, డబ్బాలకి డబ్బాలు పోయాలి. అందుకే మురియాటిక్ అంటాను. సీసా మీద శాతం చూసి కొనండి. రంగు, సువాసన కలిపిన బాత్రూమ్ క్లీనర్లు ముట్టుకోవద్దు.

డాబా మీద కాదు, గాలి ఆడే పెరట్లో, పిల్లలు పెంపుడు జంతువులు లేనప్పుడు చేయండి. ముందు 20 లీటర్ల నీళ్ళు ప్లాస్టిక్ టబ్బులో పోసి, వాటిలో యాసిడ్ నెమ్మదిగా పోయాలి. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. గాలి మీ వీపు వైపు నుంచి రావాలి. రాయిలో బ్లీచ్ తడి ఏమాత్రం ఉన్నా యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ప్రాణాంతకం. మీరు చుక్కల పరీక్ష చేసి ఎండబెట్టారు కాబట్టే ఈ మాట చెబుతున్నాను.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రాయిని యాసిడ్‌లో రాత్రంతా వదిలేస్తారు. పొంగు ఆగిందంటే యాసిడ్ అయిపోయింది, నీళ్ళు మళ్ళీ తటస్థం వైపు వస్తున్నాయి. ఆ స్థితిలో కరిగిన ఫాస్ఫేట్ కాల్షియం ఫాస్ఫేట్‌గా తిరిగి రాయి మీదే దిగుతుంది. చేసిన పనంతా వృథా. పొంగు సన్నగిల్లుతుండగానే, ఇంకా బుడగలు వస్తుండగానే, రాయిని బయటికి తీసి మంచినీళ్ళలో మూడుసార్లు ముంచి కడగాలి. మిగిలిన యాసిడ్ నీళ్ళలో వంటసోడా వేసి, పొంగడం పూర్తిగా ఆగాకే పారబోయండి. బావి దగ్గర, చెట్ల మొదట్లో వద్దు.

---

వంశధార_ఒడ్డు | జూన్ 16

నిన్న ఆదివారం పొద్దున్నే చేశాను. నాన్న దూరంగా నిలబడి నీళ్ళ పైపు పట్టుకున్నారు, ఏదైనా అయితే కడగడానికి.

మొదటి రాయి దించగానే గోలీసోడా కొట్టినప్పటి చప్పుడు, కానీ ఆగకుండా. తెల్లటి నురుగు లేస్తుందనుకున్నాను. వచ్చింది గోధుమ రంగు నురుగు, టీ మీద తెట్టెలా చిక్కగా. దానిలో సన్నటి గొట్టాలు, పురుగుల పెంకులు, ఎప్పటివో. బ్లీచ్ తర్వాత కూడా రాయి లోపల అంత ఉందన్నమాట. పది నిమిషాలకి నురుగు రంగు తగ్గి తెల్లబడింది. పావుగంటకి తీసేశాను.

నీళ్ళు కారిపోయాక తూచాను. ముందు 24.6 కిలోలు, ఇప్పుడు 23.7. మాస్టారి లెక్క సరిపోయింది. కొంచెం యాసిడ్ మిగిలి ఉండగానే తీశాను కదా, అందుకే కిలో కంటే తక్కువ. వేలితో రాస్తే పాత రాయి జారుడుగా ఉండేది, ఇప్పుడు గరుకుగా ఉంది, కొత్తగా విరిచిన సుద్దలా.

డ్రమ్ములో కొత్త ఉప్పునీళ్ళు 80 లీటర్లు పోశాను. ఇంట్లో తాగే ఆర్వోలో టీడీఎస్ 45 వస్తోంది, దానికి మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెసిన్ గొట్టం తగిలించాక సున్నా వచ్చింది.

---

నీలి_అల | రాజాం | జూన్ 17

ఒక అడ్డు మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. నా ట్యాంకులో ఫాస్ఫేట్ 0.2 దగ్గర ఏడాదిన్నరగా ఉంది. పగడాలు పెరుగుతున్నాయి, రంగు బాగుంది. రీఫ్ ట్యాంకుకి ఇంతే ఉండాలని చాలామంది చెప్పే 0.03 అనే అంకె వెనక పడి ఇంత యాసిడ్ పోయడం అవసరమా?

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 17

మంచి ప్రశ్న. ఫాస్ఫేట్ ఎక్కువైతే పగడాలు అస్థిపంజరం కట్టుకోవడం మందగిస్తుంది, స్ఫటికం పెరగడానికి అది అడ్డం పడుతుంది. అయినా 0.2 దగ్గర స్థిరంగా నడిచే మంచి ట్యాంకులు నేనూ చూశాను. మీ ట్యాంకుని మార్చమని చెప్పను. అలవాటుపడిన పగడాలకి ఒక్కసారిగా 0.2 నుంచి 0.02కి దించడమే పెద్ద దెబ్బ. సున్నాకి దించితే డైనోఫ్లాజెల్లేట్లు, ఆ గోధుమ రంగు జిగురు తీగలు, పట్టుకుంటాయి. నా వరకు 0.03 నుంచి 0.1 మధ్య ఎక్కడైనా సంతోషమే.

కానీ వంశధార బాబు రాయి 2.1 దగ్గర ఉంది. మీ 0.2 మేత వల్ల వచ్చి నిలకడగా ఉన్నది, ఆయన 2.1 రాయిలోంచి ఆగకుండా ఊరుతున్నది. రెండూ ఒకటి కాదు. పైగా ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని చేప ఉన్నాక చేయలేం.

---

బొబ్బిలి_వీణ | జూన్ 18

మరి చేపలున్న నాలాంటివాళ్ళు ఏం చేయాలి మాస్టారూ? ఫాస్ఫేట్‌ని పట్టుకునే లాంతనం మందు వేయమని ఒకరన్నారు.

---

హేచరీ_మావయ్య | జూన్ 18

చేపలుండగా లాంతనం నేను వద్దంటానమ్మా. చేయగలిగినవాళ్ళున్నారు, కానీ మోతాదు కొంచెం తొందరపడినా దానివల్ల నీళ్ళలో ఏర్పడే తెల్లటి అవక్షేపం చేపల మొప్పల్లో చేరుతుంది. మీకు ఐరన్ ఆక్సైడ్ గుళికలు మేలు, జీఎఫ్‌ఓ అంటారు. డబ్బా మీద రాసిన దానిలో సగంతో మొదలుపెట్టండి. ముందు ఆర్వో నీళ్ళతో ఎర్ర పొడి పోయేదాకా కడగండి. వారానికోసారి కొలవండి. 0.74 నుంచి 0.1కి రావడానికి రెండు మూడు నెలలు పట్టినా పట్టనివ్వండి. అల్యూమినియం ఆక్సైడ్ రకం మీకు వద్దు, లెదర్ పగడం దానికి ముడుచుకుపోతుంది. మేత రోజుకి ఎంత వేస్తున్నారో కూడా చూసుకోండి, ఫాస్ఫేట్ వచ్చే ద్వారం అదే.

---

వంశధార_ఒడ్డు | జూన్ 23

యాసిడ్ తర్వాత నీళ్ళలో మూడో రోజు 0.38. ఏడో రోజు 0.61. 2.1 నుంచి ఇక్కడికి వచ్చిందంటే నమ్మలేకపోతున్నాను, కానీ ఇంకా పెరుగుతోంది. ఇంకోసారి యాసిడ్ పోయనా?

---

కెమిస్ట్రీ_మాస్టారు | జూన్ 23

వద్దు. పై పొర పోయింది, ఇప్పుడు వస్తున్నది లోపలి రంధ్రాల్లోంచి. దాన్ని నీళ్ళలోకి రానిచ్చి, వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకోవాలి. అక్కడ లాంతనం క్లోరైడ్ సరైన పనిముట్టు. ఈత కొలనుల్లో ఫాస్ఫేట్ తీయడానికి వాడేది ఇదే. నీళ్ళలోని ఫాస్ఫేట్‌తో కలిసి లాంతనం ఫాస్ఫేట్‌గా మారుతుంది, అది ఇక కరగదు. నీళ్ళలో ఫాస్ఫేట్ తగ్గగానే రాయి మళ్ళీ వదులుతుంది. మళ్ళీ పట్టుకుంటాం. ఉప్పు ఖర్చు లేదు.

0.61 ని 80 తో గుణిస్తే 49 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. ఒక మిల్లీగ్రాము ఫాస్ఫేట్‌కి లాంతనం 1.46 మిల్లీగ్రాములు కావాలి. మీరు కొనేది ఏడు నీటి అణువులున్న లవణం అయితే 3.9 మిల్లీగ్రాములు. అంటే సుమారు 190 మిల్లీగ్రాములు. కొంత లాంతనం కార్బొనేట్‌గా కూడా పోతుంది కాబట్టి అంకె సరిగ్గా సున్నా కాదు, కాకపోవడమే మంచిది. దాన్ని ఒక లీటరు ఆర్వో నీళ్ళలో కలిపి, సెలైన్ గొట్టంలాంటి దానితో చుక్కలు చుక్కలుగా ఐదారు గంటలు వదలండి. చుక్క పడేచోట 10 మైక్రాన్ల ఫిల్టర్ సంచి ఉండాలి, పంపు నీళ్ళు దాని గుండానే తిరగాలి. కార్బొనేట్ ఖర్చవుతుంది కాబట్టి ఆల్కలినిటీ, అంటే నీళ్ళ క్షారత, తగ్గుతుంది. దాని కొలత డీకేహెచ్ చూసి వంటసోడాతో 8 దగ్గర నిలపండి.

---

వంశధార_ఒడ్డు | జూలై 21

నెల రోజుల అంకెలు ఇస్తున్నాను. ప్రతిసారీ మందు వేసిన నాలుగైదు రోజుల తర్వాత కొలిచినవే.

మొదటి మోతాదు వేసిన సాయంత్రం నీళ్ళు కల్లులా తెల్లబడ్డాయి. మర్నాడు పొద్దున్నకి తేటపడ్డాయి. సంచి అడుగున బూడిద రంగు పేస్టు, చందనంలా మెత్తగా. మర్నాడే కొలిస్తే 0.05. సంతోషపడిపోలేదు, మాస్టారి మాట గుర్తుంది. నాలుగు రోజులకి 0.29 అయింది. రెండో మోతాదు తర్వాత 0.17. మూడో దానికి 0.11. మధ్యలో ఒక రాత్రి పెద్ద వాన, కరెంటు ఆరు గంటలు లేదు. డ్రమ్ములో చేప లేదు కాబట్టి నిద్రపోయాను, లేకపోతే ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. నాలుగో మోతాదు చాలా తక్కువ వేశాను. 0.08.

ఇక మందు ఆపేసి పంపు ఒక్కటే తిప్పుతున్నాను.

---

పలాస_జీడి | జూలై 21

మోతాదు మోతాదుకీ అంకె తిరిగి పెరగడం తగ్గుతోంది చూశావా తమ్ముడూ? ఆ వంపు కోసమే చూడాలి. నేను ఐదు మోతాదుల తర్వాత చూశాను. ఇప్పుడు రెండు వారాలు ఏమీ ముట్టుకోకు.

---

వంశధార_ఒడ్డు | ఆగస్టు 5

రెండు వారాలు ముట్టుకోలేదు. ఈరోజు మూడుసార్లు కొలిచాను. 0.07, 0.06, 0.07.

రాయిని కొత్త ఉప్పునీళ్ళలో జాడించి, రంధ్రాల్లో ఏమైనా తెల్లటి పొడి ఉంటే పోయేలా చిన్న పంపుతో కొట్టి, ట్యాంకులో పేర్చాను. బ్లీచ్, యాసిడ్‌లతో బ్యాక్టీరియా అంతా పోయింది కాబట్టి ఇది మళ్ళీ పచ్చి రాయే. సీసాలో దొరికే బ్యాక్టీరియా వేసి అమోనియా చుక్కలతో సైకిల్, అంటే ఆ బ్యాక్టీరియాని రాయిలో పెంచే పని, మొదలుపెట్టాను. లైటు ఇంకా వెయ్యలేదు. గుహ ఉన్న పెద్ద రాయి ముందువైపు పెట్టాను.

---

బొబ్బిలి_వీణ | ఆగస్టు 6

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. నాది 0.74 నుంచి 0.41కి వచ్చింది. లెదర్ పగడం వారం రోజులు ముడుచుకుని, మొన్నటి నుంచి మళ్ళీ విచ్చుకుంటోంది. జీఎఫ్‌ఓ ఇంకా సగం మోతాదే.

---

హేచరీ_మావయ్య | ఆగస్టు 6

సగంలోనే ఉంచండమ్మా, పెంచకండి. వంశధార బాబూ, ఆ నీలం డ్రమ్ము, ఫిల్టర్ సంచి, చుక్కల గొట్టం ఇక నీకు అవసరం లేకపోతే శనివారం భోగాపురం పంపించు. మా ఇంటి వెనక 15 కిలోల పాత రాయి ఉంది. ఈ చర్చ చదివాక నిన్న దాన్ని ఉప్పునీళ్ళలో వేసి చూశాను, ఒక్క రోజుకే 0.52.

---

వంశధార_ఒడ్డు | ఆగస్టు 6

శనివారం నేనే బైక్ మీద తెస్తాను మావయ్యా. మిగిలిన లాంతనం కూడా తెస్తాను. నాలుగో రోజు కొలిచేదాకా ఏమీ వేయకండి.